కాన్‌స్టాన్షియా ద్రాక్షతోట: మళ్లీ నిలబడిన కుటుంబ వైనరీ చరిత్ర, సాగు పద్ధతుల గురించి తెలిసినవారు చెప్పగలరా?

వలందపాలెం వాసి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈ మార్చిలో పది రోజులు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఉండవలసి వచ్చింది. సెలవు దొరికిన ఒక ఆదివారం సహోద్యోగి ఒకరు నన్ను నగరానికి దక్షిణంగా, టేబుల్ మౌంటెన్ వెనుక వాలులో ఉన్న కాన్‌స్టాన్షియా లోయకు తీసుకువెళ్లి, అక్కడి క్లైన్ కాన్‌స్టాన్షియా అనే పాత ద్రాక్షతోటను చూపించారు. వైన్ రుచుల గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. కానీ ఆ తోటలో చూసినవి, విన్నవి ఇంటికి తిరిగి వచ్చాక కూడా మనసును వదలడం లేదు కాబట్టి, ఈ విషయం చదివినవారు ఇక్కడ ఎవరైనా ఉంటారన్న ఆశతో రాస్తున్నాను.

మేము వెళ్లేసరికి కోత సాగుతోంది. హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్ల మీద పాకే ద్రాక్షను చూసిన కంటికి అక్కడి తీగలు చాలా పొట్టిగా కనిపించాయి. కొన్ని మడుల్లో ఒక్కో తీగను ఒక్కో కర్రకు కట్టి ఏటవాలు నేలలో నిలబెట్టారు. ఒక గుత్తిని చేతిలోకి తీసుకుని చూస్తే, సగం పండ్లు ఎండుద్రాక్షలా ముడుచుకుపోయి గోధుమరంగుకు తిరిగాయి, తక్కిన సగం ఇంకా నిండుగా, పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. వేళ్లకు అంటిన రసం కారులో కూర్చున్నాక కూడా జిగురు వదల్లేదు. అది పాడైన గుత్తి అనుకున్నాను. కాదని, ఆ తోటకు పేరు తెచ్చిన తీపి వైన్‌కు కావలసినవి సరిగ్గా అటువంటి గుత్తులేనని అక్కడివారు చెప్పారు.

వారు చెప్పిన కథ ప్రకారం ఆ తోట 1685లో మొదలైంది, ఒకప్పుడు ఐరోపా రాజుల విందులకు వైన్ పంపింది, పంతొమ్మిదో శతాబ్దం చివరికి చితికిపోయింది, 1980లో ఒక కుటుంబం కొని దాన్ని మళ్లీ నిలబెట్టింది. సీసా మెడ మీద సుస్థిర సాగుకు గుర్తుగా అంటించిన చిన్న ముద్రను కూడా చూపించారు. ఇదంతా శ్రద్ధగానే విన్నాను. కానీ తోటను మొదలుపెట్టినవాడు డచ్ ఈస్టిండియా కంపెనీ అధికారి అని చెప్పగానే నాకు మా ఊరు గుర్తుకు వచ్చింది. నేను పుట్టి పెరిగింది బందరులో. మా పేటకు వలందపాలెం అన్న పేరు వలందావారి వల్ల, అంటే డచ్చివారి వల్ల వచ్చిందని మా తాతగారు చెప్పేవారు. కోట దగ్గర డచ్చివారి సమాధుల రాళ్ల మీద చెక్కిన డాళ్లను, అక్షరాలను చిన్నప్పుడు వేళ్లతో తడిమి చూసేవాళ్లం. అదే కంపెనీ ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. మరి ఆ తోట కథలో మా తీరానికి ఏమైనా పాలు ఉందా? ఆ తోట చితికిపోవడానికి, మళ్లీ లేవడానికి అసలు కారణాలు ఏమిటి? ఆ ముద్ర వెనుక నిజంగా నేలకు మేలు చేసే పని ఎంత ఉంది? తెలిసినవారు వివరంగా రాస్తే రుణపడి ఉంటాను.

పాత దస్త్రాలు

మీ తాతగారు చెప్పింది నిజమే, మీ ప్రశ్నకు జవాబు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. డచ్ కంపెనీ మచిలీపట్నంలో వర్తకపు కోఠీ పెట్టింది 1605లో. తూర్పు దేశాలకు వెళ్లే ఓడలకు నీళ్లు, కూరగాయలు, మాంసం అందించే మజిలీగా కేప్‌లో, అంటే ఇప్పటి కేప్‌టౌన్ ఉన్న చోట, స్థావరం వేసింది 1652లో. అంటే కంపెనీ లెక్కల్లో బందరు కేప్ కంటే దాదాపు యాభై ఏళ్లు పెద్దది. కేప్‌లో పండిన ద్రాక్ష నుంచి మొదటిసారి వైన్ తీసింది 1659 ఫిబ్రవరి 2న. అప్పటికి మచిలీపట్నం, పులికాట్ రేవుల నుంచి అద్దకపు బట్టలు ఓడలకెత్తడం డచ్చివారికి రోజువారీ పని.

కాన్‌స్టాన్షియా స్థాపకుడు సైమన్ వాన్ డెర్ స్టెల్ 1679లో కేప్ అధిపతిగా వచ్చాడు. ఆయన పుట్టింది 1639లో, మారిషస్‌కు వెళ్లే దారిలో ఓడ మీద. ఆయన తల్లికి తల్లి మోనికా అన్న పేరుతో రికార్డులకెక్కిన భారతీయ స్త్రీ, బానిసత్వం నుంచి విడుదల పొందిన మనిషి. 1685లో ఆయనకు ఆ లోయలో సుమారు 1,900 ఎకరాల నేలను రాసిచ్చినవాడు కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన హెండ్రిక్ వాన్ రీడ్. ఈ వాన్ రీడ్ అంతకుముందు మలబారులో డచ్ అధిపతిగా ఉండి, అక్కడి వైద్యులు, పండితుల సాయంతో కేరళ మొక్కల మీద పన్నెండు సంపుటాల గ్రంథం తయారు చేయించినవాడే. కేప్ నుంచి మళ్లీ భారతదేశానికే వచ్చి 1691లో సముద్రం మీదే చనిపోగా సూరత్‌లో సమాధి చేశారు. కాబట్టి ఆ తోట పట్టా మీద మొదటి సంతకం నుంచే భారతదేశపు నీడ ఉంది.

ఇక ఈ కథలో మన తీరానికి పాలు ఉందా అన్న సంగతి. కేప్‌లో తోటలు నాటినవి, రాళ్లు మోసినవి, గుత్తులు కోసినవి ప్రధానంగా బానిసల చేతులు. 1652 నుంచి బానిసల దిగుమతి నిలిచిపోయిన 1808 దాకా కేప్‌కు తెచ్చిన వారు సుమారు 63,000 మంది అని చరిత్రకారుల అంచనా. వారిలో ఇంచుమించు నాలుగో వంతు భారతదేశపు వారు, తక్కినవారు మడగాస్కర్, ఆఫ్రికా ఖండం, ఇండోనేషియా దీవుల వారు. దస్తావేజుల్లో వీరి పేర్ల చివర బెంగాల్ నుంచి, మలబారు నుంచి, కోరమండల్ తీరం నుంచి అని రాసేవారు. కొన్ని చోట్ల ఏ తీరమో కూడా చెప్పకుండా ‘తీరం నుంచి’ అని మాత్రమే రాసి వదిలేశారు. కరువు సంవత్సరాల్లో మన తూర్పు తీరంలో మనుషులు తమను, తమ పిల్లలను అమ్ముకున్న సంగతి కంపెనీ కాగితాల్లోనే ఉంది. కోరమండల్ అన్న మాటలో తమిళ తీరం, తెలుగు తీరం రెండూ కలిసిపోతాయి కాబట్టి ఫలానా మనిషి బందరు వాడని తేల్చి చెప్పడం సాధ్యం కాదు. కానీ ఆ పేర్లలో మనవారు ఉన్నారనడంలో నాకు సందేహం లేదు, ఈ తోట చరిత్రను ఎవరు చెప్పినా ఈ మాట చెప్పకుండా దాటడం అన్యాయమని కూడా నా అభిప్రాయం.

తోట విషయానికి వస్తే, వాన్ డెర్ స్టెల్ 1699లో పదవి దిగి, 1712లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత ఆస్తిని ముక్కలు చేసి అమ్మారు. వాటిలో ఒకటైన గ్రూట్ కాన్‌స్టాన్షియా చేతులు మారి మారి నీరసించిన దశలో, 1778లో హెండ్రిక్ క్లూటె అనే ఆయన కొన్నాడు. నిజానికి ఆ తోటకు మొదటి పునరుద్ధరణ అదే. ఆయన తీగలు మళ్లీ నాటించి, 1791లో కొత్త వైన్‌శాల కట్టించి, మస్కట్ జాతి ద్రాక్షలను చెట్టు మీదే ముడతలు పడనిచ్చి తీసిన తీపి వైన్‌తో ఐరోపాలో గొప్ప పేరు సంపాదించాడు. సెయింట్ హెలెనాలో బందీగా ఉన్న నెపోలియన్‌కు కూడా ఆ వైన్ వెళ్లేది. మీరు చూసిన క్లైన్ కాన్‌స్టాన్షియా ఈ పెద్ద తోట నుంచి 1820లలో క్లూటె కుటుంబంలోనే విడిపోయిన భాగం. ‘క్లైన్’ అంటే చిన్నది అనే అర్థం.

పతనానికి ఒక్క కారణం చెప్పి ఊరుకోలేం. బ్రిటిష్‌వారి ఏలుబడిలో కేప్ వైన్‌కు ఇంగ్లండులో సుంకం తక్కువగా ఉండేది. ఫ్రాన్సుతో 1860లో ఒప్పందం కుదిరిన తర్వాత ఆ రాయితీ పోయి, ఫ్రెంచి వైన్ చౌకగా దిగడంతో కేప్ ఎగుమతులు కుప్పకూలాయి. అదే కాలంలో బూడిద తెగులు వచ్చింది. అప్పటికే కుంగిన రైతుల మీద 1886లో ఫిలాక్సెరా అనే వేరు పేను వచ్చి పడింది. కంటికి సరిగా ఆనని ఆ పురుగు అమెరికా నుంచి ఐరోపా మీదుగా ప్రపంచమంతా పాకి, ద్రాక్ష వేళ్లను తినేసి తోటలకు తోటలనే ఎండగట్టింది. గ్రూట్ కాన్‌స్టాన్షియాను అంతకు ఏడాది ముందే, 1885లో, కేప్ ప్రభుత్వం కొని ప్రయోగ క్షేత్రంగా మార్చింది. పేనుకు లొంగని అమెరికా జాతి వేళ్లకు ఐరోపా తీగలను అంటుకట్టి రైతులకు పంచడంలో అది పనికివచ్చింది. కానీ పాత తీపి వైన్ మాత్రం దాదాపు నూరేళ్ల పాటు కనుమరుగైంది.

1980లో పాడుపడిన క్లైన్ కాన్‌స్టాన్షియాను డగ్గీ జూస్ట్ కొన్నారు. వారి కుటుంబం వైన్, మద్యం వ్యాపారంలోనే ఉండేది కాబట్టి ఆ పని ఎంత కాలం పడుతుందో తెలిసే దిగారు. స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ క్రిస్ ఓర్ఫర్ సాయంతో, పాత రోజుల నాటి మస్కట్ ద్ ఫ్రాంటిన్యాన్ రకానికి అతి దగ్గరివని భావించిన తీగలను ఎంచుకుని నాటారు. వైన్ తయారీ బాధ్యత రాస్ గోవర్‌ది. 1986 పంటతో తీసిన మొదటి వైన్‌ను ‘వాన్ ద్ కాన్‌స్టాన్స్’ అన్న పేరుతో, పాత సీసాల ఆకారాన్నే అనుకరించిన అర లీటరు సీసాల్లో, 1990లో బయటికి తెచ్చారు. అంటే కొన్న రోజు నుంచి చేతికి సీసా రావడానికి పదేళ్లు. కుటుంబ వైనరీ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే, పదేళ్లు రాబడి లేకపోయినా నేలను అమ్ముకోకుండా ఓర్చుకోగలగడం. అయితే 2011లో జూస్ట్ కుటుంబం కూడా తోటను విదేశీ పెట్టుబడిదారులకు అమ్మేసింది. పునరుద్ధరించినది కుటుంబమే అయినా, ఈనాటి యాజమాన్యం వారిది కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

పందిరి కింద

పాత దస్త్రాలు గారు చరిత్ర చెప్పారు కనుక నేను నేల సంగతి చెబుతాను. మాది మేడ్చల్ వైపు. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పండించారు, భూముల ధరలు పెరిగి, కూలి ఖర్చులు మోయలేక, చుట్టూ ఉన్న తోటలన్నీ ప్లాట్లయిపోయాక మాదీ పోయింది. ఇప్పుడు నేను నాశిక్ ప్రాంతంలో ద్రాక్ష రైతులకు సలహాలు ఇచ్చే పనిలో ఉన్నాను. కొన్నేళ్ల కిందట శిక్షణ కోసం ఆరు వారాలు స్టెలెన్‌బాష్‌లో ఉన్నప్పుడు కాన్‌స్టాన్షియా తోటల్లో కూడా తిరిగాను.

ముందుగా అర్థం చేసుకోవలసింది వాతావరణం. మన దగ్గర ద్రాక్షకు నిద్ర లేదు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబర్‌లో ఇంకో కత్తిరింపు వేసి, తీగను మనమే మోసగించి కాపుకు తెస్తాం. కేప్‌లో తీగ చలికాలంలో ఆకు రాల్చి నిజంగా నిద్రపోతుంది, ఏడాదికి ఒక్కసారి, ఆ నిద్రలోనే కత్తిరిస్తారు. వాన కూడా చలికాలంలోనే పడుతుంది. వేసవిలో ఫాల్స్ బే అనే అఖాతం మీదుగా ఆగ్నేయపు గాలి రోజుల తరబడి హోరుమని వీస్తుంది. ఆ గాలికి అక్కడివారు ‘కేప్ వైద్యుడు’ అని పేరు పెట్టుకున్నారు. లేత చిగుళ్లను విరిచేసినా, ఆకుల మీద తడిని ఆరబెట్టి తెగుళ్లను తగ్గించేది అదే. గుత్తులు కుళ్లకుండా చెట్టు మీదే ముడుచుకోవడానికి అటువంటి గాలి, ఏటవాలు, నీరు నిలవని గ్రానైటు మట్టి అన్నీ కలిసిరావాలి. వలందపాలెం వాసి గారు చూసిన ఆ సగం ఎండిన గుత్తిని ఒకే రోజు కోయరు. పులుపు కోసం కొంత ముందుగా, తీపి కోసం కొంత చివరగా, ఒకే మడిలోకి మనుషులు మళ్లీ మళ్లీ వెళ్లి ఏరుకొస్తారు. ఎండిన పండులో రసం తక్కువ కాబట్టి ఎకరానికి వచ్చే వైన్ చాలా కొంచెం. ఆ తర్వాత సుమారు మూడేళ్లు పీపాల్లో ఉంచాలి.

ఇప్పుడు సుస్థిరత గురించి. నేను అక్కడ నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే విలువైనది చీమల పాఠం. ద్రాక్షకు పిండినల్లి పెద్ద బెడద. మన దగ్గర అది గుత్తిని పాడుచేస్తుందని భయపడతాం. అక్కడ అంతకంటే పెద్ద భయం, ఆకులను ఎర్రబరిచి అంచులు కిందికి చుట్టుకుపోయేలా చేసే వైరస్‌ను అది ఒక తీగ నుంచి ఇంకో తీగకు మోసుకుపోతుంది. ఆ వైరస్ సోకిన తీగలో పండు సరిగా పక్వానికి రాదు, మందు లేదు, పీకి కాల్చడమే. పిండినల్లిని తినే అక్షింతల పురుగులు, దానిలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు ప్రకృతిలో ఉన్నాయి, కొని వదలవచ్చు కూడా. కానీ పిండినల్లి కార్చే తీపి రసం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, మిత్రపురుగులను దగ్గరికి రానివ్వవు. నన్ను ఒక మడి దగ్గర కూర్చోబెట్టి చూపించారు. తీగ మొదట్లో బెరడు ఊడదీస్తే తెల్లని పిండి ముద్దల చుట్టూ చీమల బారు, ఒక చిన్న కందిరీగ వాలబోతే దాని మీదికి మూడు చీమలు ఎగబడ్డాయి. అందుకని వాళ్లు తోటంతా మందు చల్లకుండా, చీమ పైకెక్కే కాండం మొదటి దగ్గరే అడ్డుకుంటారు. చీమను ఆపితే చాలు, తక్కిన పని కందిరీగ చేసుకుంటుంది. నాశిక్ వచ్చాక నేను రైతులకు మొట్టమొదట చెప్పేది ఇదే.

సాళ్ల మధ్య నేలను చలికాలంలో ఖాళీగా వదలకుండా ఓట్స్, బార్లీ వంటి పైర్లు వేస్తారు, వేసవికి ముందు వాటిని పడుకోబెట్టి నేలకు దుప్పటిలా కప్పుతారు. వాలు నేలలో మట్టి కొట్టుకుపోకుండా, తేమ ఆవిరి కాకుండా, కలుపు మందు వాడకం తగ్గేలా మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ద్రాక్ష పిప్పిని, తొడిమలను ఎరువుగా మగ్గబెట్టి తిరిగి నేలకే ఇస్తారు. వైన్‌శాల కడిగిన నీళ్లలో చక్కెర, ఆమ్లం ఎక్కువగా ఉండటం వల్ల వాటిని నేరుగా వాగులో వదిలితే వాగు చచ్చిపోతుంది, అందువల్ల శుద్ధి చేశాకే పొలానికి మళ్లించాలని నియమం.

ఇవన్నీ మంచి రైతు ఎక్కడైనా చేసే పనులే. కేప్‌లో ప్రత్యేకమైనది తోట హద్దు బయట జరిగే పని. అక్కడి కొండల మీద ఫైన్‌బాస్ అనే పొదల అడవి ఉంది. కేప్ పుష్ప సామ్రాజ్యంగా పిలిచే ఆ ప్రాంతంలో సుమారు 9,000 జాతుల మొక్కలుంటే, వాటిలో మూడింట రెండు వంతులకు పైగా ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. దక్షిణాఫ్రికా ద్రాక్షతోటల్లో చాలా భాగం ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. అంటే తోట విస్తరించిన ప్రతిసారీ ఏదో ఒక అరుదైన మొక్క నేల పోయినట్టే. దానికి తోడు బయటి దేశాల నుంచి తెచ్చిన పైన్, యూకలిప్టస్, ఆస్ట్రేలియా తుమ్మ చెట్లు కొండ వాలుల్లో పాతుకుపోయి వాగుల నీటిని పీల్చేస్తున్నాయి. 2018లో కేప్‌టౌన్ కొళాయిలు ఎండిపోయే స్థితికి వచ్చినప్పుడు ఈ చెట్లను కొట్టివేయడం ఎంత అవసరమో నగరవాసులకు కూడా అర్థమైంది. 2004లో ప్రపంచ వన్యప్రాణి నిధితో కలిసి అక్కడి వైన్ రంగం మొదలుపెట్టిన జీవవైవిధ్య కార్యక్రమంలో చేరిన రైతులు, దున్నకుండా మిగిలిన తమ అడవి భూమిని కాపాడతామని, పరాయి చెట్లను తొలగిస్తామని మాట ఇవ్వాలి. ఫైన్‌బాస్ కొన్నేళ్లకొకసారి కాలితేనే మళ్లీ మొలుస్తుంది, పైన్ చెట్లు ఉంటే మాత్రం మంట విత్తనాలను కూడా బూడిద చేసేంత వేడెక్కుతుంది. 2015 మార్చిలో ఆ ద్వీపకల్పపు కొండలు రోజుల తరబడి తగలబడినప్పుడు కాన్‌స్టాన్షియా తోటల అంచు దాకా మంటలు వచ్చాయి.

సీసా మీద ముద్ర విషయం: సమగ్ర వైన్ ఉత్పత్తి పథకం అని అక్కడ 1998 నుంచి నడుస్తోంది. రైతు ఏటా తన పొలాన్ని, వైన్‌శాలను నియమాల పట్టికతో సరిచూసుకుని మార్కులు వేసుకోవాలి, స్వతంత్ర తనిఖీదారులు వచ్చి పరీక్షిస్తారు. సుస్థిరత ముద్ర 2010 పంట నుంచి వచ్చింది. దాని మీద ఉన్న సంఖ్యతో ఆ సీసా వివరాలు వెతకవచ్చు. అది సేంద్రియ సాగు ముద్ర కాదు, మందులు అసలు వాడలేదని దాని అర్థం కాదు. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్న దానికి లెక్క ఉందని, మిగిలిన నీరు, వ్యర్థాలు, అడవి భూమి సంగతి కూడా చూశారని అర్థం. నా మటుకు ఇది మంచి పునాది అనిపిస్తుంది. మన ద్రాక్షకు ఎగుమతి చేసే గుత్తుల్లో మందుల అవశేషాల మీదే శ్రద్ధ ఉంది కానీ, పొలం హద్దు దాటి వాగుకు, కొండకు ఏమవుతోందని అడిగే పద్ధతి ఇంకా రాలేదు.

జోహన్నెస్‌బర్గ్ నుంచి

పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. పై రెండు జవాబులు చదివాక ఒక సంగతి చేర్చాలనిపించింది. సుస్థిరత అనగానే మట్టి, నీరు, పురుగు అంటున్నాం, ఇక్కడి తోటల్లో మనిషి పరిస్థితి కూడా అందులో భాగమే. 1834 డిసెంబర్ 1న బానిసత్వం రద్దయినా, శిక్షణ పేరుతో మరో నాలుగేళ్లు వారిని యజమానుల దగ్గరే కట్టిపడేశారు. నష్టపరిహారం ఇచ్చింది యజమానులకు, విడుదలైనవారికి కాదు. నేల లేదు, డబ్బు లేదు కాబట్టి చాలామంది అదే తోటల్లో కూలీలుగా మిగిలారు. కూలిలో కొంత భాగం డబ్బుకు బదులు రోజుకు ఇన్ని గ్లాసుల నాసిరకం వైన్ పోసే ‘డాప్’ పద్ధతి తరతరాలు సాగింది. ఇరవయ్యో శతాబ్దంలో చట్టం దాన్ని నిషేధించిన తర్వాత కూడా అది వెంటనే పోలేదు. దాని ఫలితంగా గర్భంలోనే మద్యం దెబ్బ తిన్న పిల్లలు ఈనాటికీ పశ్చిమ కేప్ బడుల్లో ఉన్నారు. వైన్ రంగంలో కార్మికుల కూలి, ఇళ్లు, భద్రత తనిఖీ చేయడానికి 2002లో ఒక నైతిక వాణిజ్య సంఘం ఏర్పడింది, దాని ముద్ర వేరుగా ఉంటుంది. నేను సీసా కొనేటప్పుడు ఆ రెండో ముద్ర కూడా చూస్తాను.

వలందపాలెం వాసి గారూ, మీ ప్రశ్నలో మన తీరం మాట చదివి మా పక్కింటివారు గుర్తుకు వచ్చారు. ఇక్కడి తెలుగువారంటే సాధారణంగా 1860 తర్వాత మద్రాసు రేవు నుంచి నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వచ్చినవారి సంతతి. వారికి పేర్లు మిగిలాయి, ఇంటిపేర్లు నాయుడు అనో రెడ్డి అనో మిగిలాయి, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, ఉగాది చేసుకుంటారు, పిల్లలకు వారాంతాల్లో అక్షరాలు నేర్పిస్తారు. అంతకు రెండు వందల ఏళ్ల ముందు కేప్‌కు వచ్చినవారికి ఇవేవీ మిగల్లేదు. యజమానులు పెట్టిన పేర్లే వారి పేర్లయ్యాయి. కొందరికి కొన్న నెల పేరే పెట్టారు, అందుకే ఇక్కడ ఈనాటికీ సెప్టెంబర్, ఫిబ్రవరి, అక్టోబర్ అన్న ఇంటిపేర్లు కనిపిస్తాయి. వారి మాట ఆఫ్రికాన్స్ అనే ఇక్కడి భాషలో కలిసిపోయింది. సముద్రం దాటిన వాళ్లే ఇద్దరూ, ఒకరు కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చారు, ఇంకొకరు ఓడ సరుకుల లెక్కలో వచ్చారు.

వలందపాలెం వాసి

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ గుత్తిని చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం వేరు, ఇప్పుడు దాన్ని తలచుకుంటే కలుగుతున్నది వేరు. పందిరి కింద గారు చెప్పిన చీమల సంగతి మా మేనమామగారికి ఫోనులో చదివి వినిపించాను. ఆయన మామిడి రైతు. పిండినల్లికి కాండం చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టడం తమకూ తెలుసని, చీమల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదని అన్నారు. మళ్లీ అక్టోబరులో నేను కేప్‌టౌన్ వెళ్లవలసి ఉంది. జోహన్నెస్‌బర్గ్ గారు చెప్పిన ఆ పేర్లను ఎక్కడైనా చూడగలనా?

పాత దస్త్రాలు

చూడగలరు. నగరం మధ్యలో, 1679లో కంపెనీ తన బానిసలను ఉంచడానికి కట్టిన స్లేవ్ లాడ్జ్ ఇప్పుడు మ్యూజియంగా ఉంది. దానికి బాగా దగ్గరలోనే చర్చ్ స్క్వేర్ అనే చిన్న మైదానంలో 2008లో 11 నల్ల గ్రానైటు దిమ్మలు పెట్టారు. మోకాలి ఎత్తు ఉంటాయి, చుట్టూ జనం కూర్చుని భోజనం చేస్తూ కనిపిస్తారు. దగ్గరికి వెళ్లి వంగి చూస్తేనే వాటి పక్కల మీద, పైన చెక్కిన బానిసల పేర్లు, మాటలు కనబడతాయి. గ్రూట్ కాన్‌స్టాన్షియా పాత ఇల్లు కూడా ఇప్పుడు మ్యూజియమే, అక్కడ కూడా ఆ తోటలో పనిచేసిన బానిసల జీవితం గురించి చూపిస్తారు, కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు క్లైన్‌తో ఆగకుండా పక్కనే ఉన్న ఆ ఇంటికీ వెళ్లండి. చర్చ్ స్క్వేర్‌కు ఉదయం పూట వెళితే మంచిది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు నల్ల రాతి మీద అక్షరాలు చదవడం తేలిక. బందరు సమాధుల మీద చిన్నప్పుడు చేసినట్టే, కావాలంటే వేళ్లతో తడిమి కూడా చదువుకోవచ్చు, అక్కడ ఎవరూ వద్దనరు.